పసుపుపెట్టె

ఎన్నికలు సమీపించగానే, అభ్యర్థి యెవరో చూడవలెనా, ఏ పక్షమువాడో చూడవలెనా యను తర్కము పఠనమందిరములలో బయలుదేరును. 1937లో బొబ్బిలి ఓటర్ల యెదుట నిదే ప్రశ్న నిలిచెను. ఒకవైపు తమ రాజావారు, జస్టిసు పక్షపు ముఖ్యమంత్రి. వేరొకవైపు కార్మికనాయకులు వి. వి. గిరిగారు. కాంగ్రెసువారి పసుపుపెట్టెయే గెలిచెను. మదరాసు శాసనసభలో 215 స్థానములకు 159 ఆ పక్షమునకే దక్కెను.

రంగు జూచి ఓటువేసిరని యెగతాళి చేయువారు గలరు. మేము సమ్మతింపము. ఒంటరి సభ్యుడెంత యోగ్యుడైనను శిస్తు తగ్గింపజాలడు. చట్టము చేయునది సంఖ్యాబలము. రైతు గ్రహించిన దిదియే. అయితే గెలిపించినంత మాత్రమున ఓటరు పని తీరదు. ప్రకాశంగారి విచారణసంఘము 1938లో జమీందారీలపై నివేదిక సమర్పించెను; మరుసటియేట మంత్రివర్గము రాజీనామా యిచ్చెను; రద్దుచట్టము 1948లో గాని రాలేదు. ఈ పదియేండ్ల జాప్యమునకు సంజాయిషీ యడుగు హక్కు, పసుపుపెట్టెలో ఓటువేసిన రైతునకే యెక్కువగా నుండెను.