రెండు ఊడలు

కదిరి చుట్టుపక్కల ఏ బడిలోనైనా ఐదో తరగతి పిల్లల్ని శెనక్కాయ ఎక్కడ కాస్తుందని అడగండి. చాలామంది "వేర్లకు సార్" అనే అంటారు. తప్పు వాళ్లది కాదు. వేరుశెనగ అని పేరే అలా పెట్టుకున్నాం. కానీ కాయ వేరుకు కాయదు. విత్తిన నెలకు మొక్కకు పసుపు పూలు వస్తాయి. పొద్దున్నే విచ్చిన పువ్వు ఆ రోజే వాడిపోతుంది. కొన్నాళ్లకు అక్కడి నుంచే సన్నని కాడ ఒకటి కిందికి సాగి నేలలోకి దూరుతుంది. మట్టి లోపలి చీకట్లో దాని కొన లావెక్కి కాయవుతుంది. మన రైతులు దీన్నే ఊడ దిగడం అంటారు.

ఇదే మాటను తిమ్మమ్మ మర్రిమానుకూ వాడతాం. కదిరికి దగ్గర్లో, గూటిబైలులో ఐదు ఎకరాల దాకా పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని ఊడ నిజంగానే వేరు, కొమ్మ మీద పుట్టి నేలకు దిగిన వేరు. శెనగ ఊడ మాత్రం పూవులోని అండాశయాన్ని మోసుకుని కిందికి దిగే కాడ. ఒక్క మాటలో తెలుగు పాఠం, సైన్సు పాఠం రెండూ ఉన్నాయి. ఇంత పాఠం చేలో ఉండగా మన పిల్లలు ప్రాజెక్టు పని పేరుతో అంగట్లో బొమ్మలు కొని చార్టు మీద అతికిస్తున్నారు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

దీన్ని మార్చే దారి మధ్యప్రదేశ్‌లో దొరుకుతుంది. 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి కొత్త రకం సైన్సు బోధన మొదలుపెట్టాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని ప్రయోగం చేసేవారు, కనబడింది రాసుకునేవారు, వాదించుకునేవారు. 'బాల్ వైజ్ఞానిక్' అనే వాళ్ల పాఠ్యపుస్తకంలో ప్రశ్నలుండేవి, సిద్ధం చేసిన జవాబులుండేవి కావు. 1978లో ఇది జిల్లా అంతటికీ పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఈ పనిని భుజానికెత్తుకుంది. పిల్లలు తమ సందేహాలను సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాస్తే వాళ్లకు జవాబులు వెళ్లేవి.

అక్కడి పాఠాలను తెచ్చి ఇక్కడ చెప్పమని నేను అనడం లేదు. వాళ్లకు నర్మద ఉంది, తవా కాలువ నీళ్లున్నాయి. మనది ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే నేల. వాళ్ల నుంచి తెచ్చుకోవలసింది వేరే ఉంది. అక్కడ పాఠంతో పాటు పరీక్ష కూడా మారింది. పుస్తకం దగ్గర పెట్టుకునే రాసేవారు, ప్రయోగం చేసి చూపడానికీ మార్కులుండేవి. టీచర్లు నెలనెలా కూర్చుని ఏ ప్రయోగం కుదిరిందో, ఏది చెడిందో చెప్పుకునేవారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసే దాకా, ముప్ఫై ఏళ్లు, ఆ పని మామూలు సర్కారు బడుల్లోనే నడిచింది.

ఇక్కడైతే ఎలా ఉంటుంది? శెనగ చేను పూతకొచ్చిన రోజున ఒక్కో జట్టు పది పూల దగ్గర రంగుదారం కట్టాలి. ఊడలు కిందికి సాగాక ఐదింటిని నేలలోకి దిగనివ్వాలి, మిగతా ఐదింటి కింద ప్లాస్టిక్ ముక్క పెట్టి మట్టి తగలకుండా చూడాలి. ఏవి కాయలయ్యాయో కోతల నాటికి పిల్లలే చెబుతారు. అప్పుడు కిలో కాయలు ఒలిచి గింజలు తూస్తే అదే శాతాల లెక్క. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలను పక్కపక్కన పెట్టి తూస్తే పోలిక కూడా వస్తుంది.

వానది ఇంకో పాఠం. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పున్న డబ్బాను ఆరుబయట పెట్టి, అందులో చేరిన నీటిని స్కేలుతో కొలవాలి. పది మిల్లీమీటర్లు పడితే, పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పున్న బడి కప్పు మీద 600 లీటర్లు పడినట్టు. అంటే 15 లీటర్ల బిందెలు నలభై. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఇంటి పిల్లకు ఈ గుణకారం ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే రోజు తాతను వెంటబెట్టుకుని చేలో గుంత తీసి పదును ఎంత లోతు దిగిందో జానతో కొలిస్తే, ఆయన లెక్కా డబ్బా లెక్కా ఒకే నోటుబుక్కులో చేరతాయి. వాటి కింద తాత చెప్పిన కరువు సంవత్సరాల సంగతులు కూడా రాసుకుంటే సాంఘికశాస్త్రం వేరే గంట అడగదు.

ఇవన్నీ చేయించే టీచర్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు తోడు లేదు, అంతే. పరీక్ష కాగితంలో అడగని పాఠాన్ని అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరపడగానే పక్కన పెట్టక తప్పదు. మనకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ ఉన్నాయి. వాటిలో లెక్కలు, ఫారాలు అయ్యాక ఒక గంట ఈ చేని పాఠాలకు ఇవ్వండి. ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలను నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఐదో తరగతి కాగితంలో ఈ ప్రశ్న పెట్టండి: శెనగ ఊడ వేరా, కాదా? మీరు ఏం చూసి ఆ మాట చెబుతున్నారు?