గొట్టం సంగతి గ్రామసభకు తెలియాలి

కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామం. 2014 జూన్ 27, తెల్లవారుజాము. గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసే 18 అంగుళాల గొట్టం అది. టీ కాచడానికి ఎవరో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో అన్నారు. పొద్దున్నే పొయ్యి వెలగని ఊరు ఎక్కడుంది? తప్పు భూమిలోపల ఉంది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, మలినాలు కలిసిన తడి గ్యాస్ పంపారు. ఆ తడిని తీసే యూనిట్‌ను అసలు పెట్టనేలేదని దర్యాప్తులో తేలింది. తుప్పు లోపలి నుంచి ఇనుమును తినేసింది. ఇళ్లతోపాటు కొబ్బరిచెట్లూ నిలువునా మాడిపోయాయి.

తుప్పు రాత్రికి రాత్రి పట్టేది కాదు. గొట్టం లోపల పిగ్ అనే పరికరాన్ని నడిపి, గోడ ఎక్కడ ఎంత పలచబడిందో కొలవవచ్చు. ఆ లెక్క మాత్రం కంపెనీ ఫైలు దాటి రాదు. గొట్టం పక్కన పడుకునేవాడికి అది తెలియదు. వాసన వస్తోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని నగరం వాసులు వాపోయారు. అందుకే తనిఖీ ఫలితాన్ని ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. లీకు ఫిర్యాదు వస్తే, కారణం తేలేదాకా ఆ భాగంలో సరఫరా ఆపాలి. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఈ రెండింటినీ తప్పనిసరి చేయాలి. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు పెట్రోలు, డీజిల్ మోసే లైనుకూ ఇదే వర్తించాలి.

వివరాలు బయటపెడితే దొంగలకు, విద్రోహులకు దారి చూపినట్టేనన్నది ఒక అభ్యంతరం. గొట్టం ఎటు పోతోందో పొలం గట్ల మీద పాతిన గుర్తురాళ్లే చెబుతున్నాయి. తుప్పును ఏ తేదీకల్లా బాగుచేస్తారో ఊరికి చెబితే దొంగకు ఒరిగేదేమీ లేదు. సరఫరా ఆపితే నష్టమన్న మాట నిజమే. కానీ పేలుడు తర్వాత ఆ లైను ఎలాగూ ఆగింది, అదీ ఇన్ని చావులయ్యాక. జనమే గొట్టం దగ్గర ఇళ్లు కట్టుకుంటున్నారన్న వాదనలోనూ కొంత నిజముంది. గొట్టం కోసం వాడుకునే హక్కు తీసుకున్న భూమిలో కట్టడాలను 1962 నాటి పైపులైన్ల చట్టమే నిషేధించింది, దాన్ని గట్టిగా అమలు చేయాల్సిందే. అయితే మంట ఆ హద్దు దగ్గర ఆగదు.

మీ పొలంలో ఆ గుర్తురాయి ఉంటే వచ్చే గ్రామసభలో లేచి అడగండి: ఈ గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది?