ఓడకు మనం కనబడతామా?

పొద్దుగూకాక నెల్లూరు జిల్లా కృష్ణపట్నం ఒడ్డున నిలబడితే సముద్రం మీద ఇంకో ఊరు వెలిగినట్టు ఉంటుంది. వంతు కోసం లంగరు వేసుకుని కాచుకున్న ఓడల దీపాలవి. కాసేపటికి రేవులోంచి ఒక చిన్న లాంచీ వాటి వైపు బయలుదేరుతుంది. దాని కొయ్యమీద పైన తెల్ల దీపం, కింద ఎర్ర దీపం. ఏ దేశపు రేవులోనైనా ఆ రెండు దీపాలకు అర్థం ఒక్కటే: పైలట్ లాంచీ వస్తోంది.

పైలట్ అనగానే మనకు విమానం గుర్తొస్తుంది. ఓడల పైలట్ అంతకంటే చాలా పాతవాడు. ఖండాలు దాటి వచ్చిన కెప్టెన్‌కు అన్నిటికన్నా కష్టమైనవి ఆఖరి కొద్ది మైళ్లే. కండలేరు ముఖద్వారం దగ్గర తవ్వి తీసిన కాలువలోంచి, రెండు రాళ్ల కట్టల మధ్యగా లక్షన్నర టన్నుల బొగ్గు ఓడను లోపలికి తేవాలి. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక దక్షిణానికి మళ్లుతుంది. తూర్పు నుంచి లోపలికి వచ్చే ఓడను ఆ ప్రవాహం పక్కకు తోస్తుంది. లోతు తక్కువైన చోట వేగం పెంచితే ఓడ ఇంకా కిందికి దిగుతుంది. వేగం మరీ తగ్గిస్తే చుక్కాని మాట వినదు. ఈ రెంటికీ నడుమ ఉన్న సన్నటి దారి తెలిసినవాడే పైలట్.

ఆ ఓడ ఎక్కడమే ఒక సాహసం. ఓడ ఆగదు, మెల్లగా సాగుతూనే ఉంటుంది. గాలి చాటు వైపున ఒక తాళ్ల నిచ్చెన దించుతారు. లాంచీ అల మీద పైకి లేచిన క్షణంలో ఆ నిచ్చెన అందుకోవాలి. క్షణం అటూఇటూ అయితే మనిషి లాంచీకీ ఓడకీ మధ్య పడతాడు. నిచ్చెన మీద ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటకూడదని అంతర్జాతీయ నిబంధన. అయినా తాళ్లు చివికిన నిచ్చెనలు, సరిగా కట్టని నిచ్చెనలు ఇప్పటికీ పైలట్ల ప్రాణాలు తీస్తున్నాయి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఈ నిబంధనలను 2025లో మరింత బిగించింది. అవి 2028 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తాయి. నేలటూరు థర్మల్ కేంద్రంలో కాలే విదేశీ బొగ్గైనా, పంటపాళెం రిఫైనరీలకు చేరే పామాయిలైనా, ముందు ఇలా నిచ్చెన ఎక్కిన ఒక మనిషి చేతి మీదుగా రావాల్సిందే. మన ఇంట్లో వెలిగే దీపానికీ, పొయ్యి మీది మూకుడుకూ ఆ మనిషితో సంబంధం ఉంది.

ఈ వృత్తి వెనక ఉన్న న్యాయం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం, తన నిబంధన వర్తించే రేవుల్లో 200 టన్నులు, ఆపైన ఉన్న ఓడ ఏదీ పైలట్ గానీ, హార్బర్ మాస్టర్ గానీ లేకుండా కదలరాదని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చినా ఆ సూత్రం పాతబడేది కాదు. ఓడ బాధ్యత కెప్టెన్‌దే. అయినా ప్రపంచమంతా తిరిగిన ఆ కెప్టెన్ సైతం ఈ రేవు నీళ్లు తెలిసిన మనిషి మాట వినాలి. స్థానిక జ్ఞానానికి చట్టం ఇంత గౌరవం ఇచ్చిన చోట్లు ఎక్కువ లేవు.

ఆ జ్ఞానం ఈ తీరానికి కొత్తగా రాలేదు. పాత నెల్లూరు జిల్లాలోని దుర్గరాజపట్నంలో 17వ శతాబ్దం మూడో దశాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకుంది. వాళ్లు ఆ ఊరిని అర్మగాన్ అన్నారు. అక్కడి ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో కొత్త చోటు సంపాదించాకే మద్రాసు పుట్టింది. దుర్గరాజపట్నం ఎదుట నీటి అడుగున దాగిన ఇసుక మేటకూ, మోనపాళెం దీపస్తంభానికీ ఇప్పటికీ ఆ అర్మగాన్ పేరే. ఈ కోరమాండల్ తీరంలో ఆ రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరంగా లంగరు వేస్తే, నారతాళ్లతో కుట్టిన మసూలా పడవలూ తెప్పలూ అలలు చీల్చుకుని వెళ్లి మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చేవి. ఏ అల తర్వాత ఏ అల వస్తుందో ఆ తెప్పల వాళ్లకే తెలుసు. ఈ తీరానికి తొలి పైలట్లు వాళ్లే.

వాళ్ల వారసులు ఇప్పటికీ పట్టపుపాళేల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో ఉన్నారు. అదే నీటి మీద, అదే చీకట్లో వల వేస్తారు. నా అసలు ప్రశ్న ఇక్కడే. పడవలోని మనిషికి ఓడ కనబడుతుంది. ఓడకు ఆ పడవ కనబడుతుందా?

చాలాసార్లు కనబడదు. బొగ్గు ఓడను నడిపే గది అమరం వైపు, వెనక ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే అణియం, అంటే ఓడ ముందు కొన, ఎదుట ఉన్న నీరు కొంత మేర కనబడదు. ఆ మరుగు ఓడ పొడవుకు రెండింతలు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే దాన్ని మించకూడదని నిబంధన. అంటే నిబంధన పాటించిన ఓడకు కూడా ఎదుట దాదాపు అర కిలోమీటరు దూరం గుడ్డిదే కావచ్చు. ఆ మేరలో ఉన్న ఫైబర్ పడవను పైలట్ చూడలేడు. చూసినా ఓడకు బ్రేకులు లేవు.

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా చూసే 1972 నాటి అంతర్జాతీయ నియమాలు రెండు వైపులా మాట్లాడతాయి. బయట సముద్రంలో వేటలో ఉన్న పడవకు ఇంజను ఓడే దారివ్వాలి. ఇరుకు కాలువలో మాత్రం వేట పడవ ఓడకు అడ్డు రాకూడదు. ఈ తేడాను పాళెంలో కూర్చుని, తెలుగులో, కాలువ పటం పరిచి చెప్పవలసిన వారెవరు? ఆ ఓడను నడిపే పైలట్ కంటే బాగా ఎవరు చెప్పగలరు? అలాగే ఏ నెలలో వల ఎటు వేస్తారో, చేపల గుంపు కాలువ వైపు ఎప్పుడు మళ్లుతుందో పైలట్‌కు మత్స్యకారులే చెప్పాలి. కాలువ రాకముందు నుంచీ ఆ నీటి మీద వాళ్ల వల ఉంది. ఆ మాట పైలట్ ఒప్పుకుంటేనే తన మాటకు పాళెంలో విలువ దక్కుతుంది.

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున, మనకు దక్షిణాన ఎన్నూరు కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. డాన్ కాంచీపురం అనే ఓడ నుంచి చమురు ఒలికి చెన్నై తీరమంతా నల్లబడింది. మత్స్యకారులూ విద్యార్థులూ ఆ జిడ్డును బకెట్లతో ఎత్తిపోశారు. ఆ తీరపు చేపలు కొనడానికి జనం జంకారు. ఓడల దారిలో తప్పు జరిగితే ముందు ఆరిపోయేది పాళెంలో పొయ్యే.

ఒడ్డున ఉన్నవాళ్లను తలుచుకున్న పైలట్ ఎంత మేలు చేయగలడో 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో తెలిసింది. డాలి అనే ఓడలో కరెంటు పోయి అది వంతెన వైపు కొట్టుకుపోతున్నప్పుడు, పైలట్లు లంగరు వేయించి, వంతెన మీద రాకపోకలు ఆపమని కబురు పెట్టారు. పోలీసులు వెంటనే వాహనాలను ఆపారు. వంతెన కూలి ఆరుగురు కూలీలు చనిపోయారు. ఆ కబురు అందకపోతే ఆ లెక్క ఎక్కడికి పోయేదో. ఒడ్డుతో మాట్లాడటం పైలట్ పనిలో భాగమేనని ఆ రాత్రి రుజువు చేసింది.

అందుకే ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డునూ, రేవు యాజమాన్యాన్నీ, పైలట్లనూ అడుగుతున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. పడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ 61 రోజుల్లో ప్రతి పాళెంలో ఒకసారి పైలట్లు వచ్చి కూర్చోవాలి. తుపాన్లు ముమ్మరం కాకముందు అక్టోబరులో మరోసారి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన ఈ జిల్లాకు ఆ రెండో సమావేశం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

పాళెం పిల్లల చదువు సంగతి కూడా అడుగుతున్నాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి, ఓడల మీద పైకెదిగి పైలట్ కావచ్చని ఎంతమందికి తెలుసు? ఆ యూనివర్సిటీ మనకు దగ్గరలో చెన్నైలోనే ఉంది, విశాఖలోనూ క్యాంపస్ ఉంది. ఇది మగవాళ్ల పని అనుకోనక్కర్లేదు. రేష్మా నీలోఫర్ నాహా అనే చెన్నై యువతి 2018లో హుగ్లీ నదిలో ఓడలు నడిపే పైలట్ అయ్యారు. ఫీజులూ కోచింగూ పాళెం ఇళ్లకు మోయలేని బరువు. రేవు ఆదాయంలో కొంత ఆ బరువు మోయాలి.

తెప్ప నడిపిన ఇంటి బిడ్డ ఒకనాడు ఆ తెల్ల, ఎర్ర దీపాల లాంచీలో వెళ్లి ఓడ నిచ్చెన పట్టుకోవాలి. ఆ రోజు నడిపే గదిలో నిలబడిన మనిషికి తన ముందు ఏ చీకట్లో ఎవరి పడవ ఉండొచ్చో చూడకుండానే తెలుస్తుంది. అప్పుడు ఓడకు మనం కనబడినట్టే.