గుమ్మం దాటని వారసత్వం

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ చుట్టుపక్కల, జనరల్ బజార్ నుంచి పాట్ మార్కెట్ దాకా, కింద దుకాణం, పైన కాపురం ఉన్న పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. వాటి మీద రాసేవాళ్లలో చాలామంది వీధిలో నిలబడి, తలెత్తి చూసి రాస్తారు. పోత ఇనుప కటకటాలు, చెక్క బాల్కనీ, సున్నంతో తీర్చిన పూలతీగలు వాళ్లకు ముచ్చట. లోపలికి అడుగుపెడితే మాత్రం ముఖం చిట్లిస్తారు. షాబాద్ బండల పక్కనే 1960ల నాటి చుక్కల మొజాయిక్, టేకు దూలాల కింద ట్యూబ్‌లైటు, చెక్కపట్టీల మీదుగా పాకిన వైరు, దాని చివర నల్లటి గుండ్రటి బేకలైట్ స్విచ్చి, అంచులు లేచిపోయిన సన్‌మైకా షోకేసు. ఇదంతా పీకేస్తేగానీ అసలు ఇల్లు బయటపడదంటారు. ఆ షోకేసూ అసలు ఇల్లేనని నేనంటాను.

నిజాం సికిందర్ జా పేరుతో 1806లో వెలసిన సికింద్రాబాద్, బ్రిటిష్ దండును నమ్ముకుని పెరిగిన ఊరు. 1874లో రైలు వచ్చింది, బజారు ఇంకా విస్తరించింది. ఇక్కడి వ్యాపారి ఇల్లు ఒక్కసారిగా కట్టి వదిలేసింది కాదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా ఏదో ఒకటి చేర్చుకుంటూ వచ్చింది. దాన్ని గడియారస్తంభం నాటి, అంటే 1897 నాటి, రూపానికి తెస్తామంటే ఆ తర్వాతి మూడు నాలుగు తరాల బతుకును చెరిపేసినట్టే. మరి ఏదీ ముట్టుకోకూడదా? ముట్టుకోవచ్చు, హాని చేసేదాన్ని. డంగు సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. ఆ సిమెంటును తప్పకుండా చెక్కేయాలి. సన్‌మైకా ఏ గోడకూ ద్రోహం చేయలేదు. మన అభిరుచికి తప్ప.

చట్టం చూపూ వీధి వైపే. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. 2015 చివర్లో ఆ నిబంధననే ఎత్తేశారు, 2017లో వేరే చట్టం తెచ్చారు. ఈ హడావుడిలో ప్రభువుల దేవిడీల పేర్లు వినబడ్డాయి గానీ మామూలు బజారు ఇంటి వంటగదిని ఎవరు పట్టించుకున్నారు?

గతం మీద ఈ మోజు పైకులాలకు, డబ్బున్నవాళ్లకు మాత్రమే చెల్లుతుందని ఒక విమర్శ ఉంది. నిజమే. పాత పట్టణ ఇళ్ల వెనక సందు ఉండేది, పాకీ దొడ్డికి అటువైపు చిన్న తలుపు ఉండేది. ఆ తలుపు దగ్గరికి ఎవరు రావాల్సి వచ్చేదో అందరికీ తెలుసు. వెనకింట్లో ఆడవాళ్ల పొగచూరిన వంటగదీ అంతే. అయితే ముఖద్వారాన్ని మాత్రమే మెరుగుపెట్టి నిలబెట్టే పద్ధతిలో మొదట మాయమయ్యేవి ఇవే. మోజును నిలదీసే సాక్ష్యం లోపలే ఉంది. ఆ వెనక తలుపును ఇటుకలతో మూసేస్తే ఆ సంగతి చెప్పే ఆనవాలే ఉండదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఆ ఇంట్లో ఉండేవాళ్లది. వారసులు పదిమంది, కింద పాత అద్దెలు, నిట్టనిలువు మెట్లు, మోకాళ్ల నొప్పులు. మా అందం కోసం మీరు ఇలాగే ఉండండని చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. అమ్ముకుంటారు, కూలుస్తారు, దర్వాజాలు, స్తంభాలు ఏ రిసార్టుకో చేరతాయి, మొజాయిక్ మాత్రం లారీలో చెత్తగా పోతుంది. కాబట్టి నేనడిగేది చిన్నదే. కూల్చివేతకు అనుమతి ఇచ్చేముందు ప్రతి గది ఫొటో, కొలతలతో గీసిన పటం మున్సిపాలిటీకి అందాలి, వెనక సందుతో సహా. ఆ ఖర్చు యజమాని నెత్తిన వేయకూడదు. ఊళ్లో ఆర్కిటెక్చర్ కాలేజీలున్నాయి. టేపు పట్టుకుని కొలవడం వాళ్ల చదువులో భాగమే.