కుండలో దాచిన దస్తావేజు

స్థలం కొనేముందు మనం ఎన్ని చూసుకుంటాం! లింకు డాక్యుమెంట్లు, ఈసీ, చుట్టుపక్కల రేట్లు, రేపు రోడ్డు పడుతుందా లేదా... అన్నీ కుదిరితేనే అడ్వాన్సు చేతిలో పెడతాం. శత్రుసైన్యం చుట్టుముట్టిన నగరం పక్కన పొలం అమ్మకానికి వస్తే? ఊరికే ఇస్తామన్నా వద్దంటాం. యిర్మీయా ప్రవక్త మాత్రం డబ్బిచ్చి మరీ కొన్నాడు!

బైబిలు పాత నిబంధనలో, యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయంలో ఉందీ కథ. క్రీ.పూ. 588-587 ప్రాంతం. బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును ముట్టడించాయి. లోపల కరవు, తెగులు. ఈ నగరం శత్రువుల పాలవుతుందని చెప్పినందుకు సిద్కియా రాజు యిర్మీయాను బంధించాడు. అక్కడికే వచ్చాడు ఆయన తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు. అనాతోతులో తన పొలం ఉందనీ, దగ్గరి బంధువుగా కొనే హక్కు నీదేననీ అన్నాడు.

అనాతోతు యిర్మీయా సొంతూరే. యెరూషలేముకు అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కానీ బేరం చూడండి. కొనేవాడు చెరలో ఉన్నాడు. పొలం కంటితో చూసే దారి కూడా లేదు. పైగా నగరం కూలిపోతుందని చాటినవాడే ఆ పొలం కొనాలి!

అయినా యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాసి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేశాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, వేయనిది ఒకటి. చాలాకాలం పాడవకుండా రెండింటినీ మట్టికుండలో పెట్టమని బారూకుకు అప్పగించాడు. ఆ రోజుల్లో అదే బ్యాంకు లాకరు. మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో 1947లో బయటపడిన, సుమారు 2000 ఏళ్లనాటి రాతప్రతులు కూడా కుండల్లో దాచినవే.

ఎందుకు కొన్నాడు? ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ, పొలాలూ, ద్రాక్షతోటలూ కొంటారని దేవుడు మాటిచ్చాడు. మరి యిర్మీయాకు సందేహం రాలేదా? వచ్చింది. నగరం పోతుంటే పొలం కొనమంటావేమిటని ప్రార్థనలో ఆ దేవుణ్నే అడిగాడు. అయితే వెండి ఇచ్చేశాకే అడిగాడు!

క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలింది. ఆలయం తగలబడింది. జనం బబులోనుకు చెరపోయారు. యిర్మీయాను సొంతవాళ్లే ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన ఒక్క గింజ చల్లినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును జయించాడు. యూదులను స్వదేశానికి వెళ్లనిచ్చాడు. తిరిగొచ్చినవారి జాబితా ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. అందులో ఒక చిన్న పద్దు... అనాతోతు వారు 128 మంది.

మాట నిలిచింది. నమ్మినవాడు చూడకపోయినా నిలిచింది. మనమేమో మొక్కుకున్న నెలలోగా జరగకపోతే దేవుడు మరిచిపోయాడనుకుంటాం. జవాబు రాని రోజుల్లోనూ మన వంతు పని ఉంటుంది. అప్పుల మధ్య కూడా పిల్లల చదువు మాన్పించకపోవడం, మంచం పట్టిన అత్తగారికి వేళకు మందివ్వడం, మాటల్లేని తమ్ముడికి పండక్కి కబురు పంపడం... ఇవన్నీ మనం తూచి ఇవ్వాల్సిన 17 తులాలే.