మనోడు సరే, మన ఆడపిల్ల బిడ్డ?

2006 జూన్‌లో జర్మనీలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరుగుతున్నప్పుడు మా చిట్టమూరుకు ఎవరో ఒక కబురు మోసుకొచ్చారు. ఫ్రాన్స్ జట్టులో తెలుగువాడు ఒకడున్నాడట, పేరు వికాష్ ధొరాసూ. మా వైపు కబడ్డీ, వాలీబాల్ తప్ప ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. అయినా టీ కొట్టు దగ్గర మగవాళ్లు రెండు రోజులు అదే మాట్లాడుకున్నారు. "దొర అని పేరులోనే ఉండాది చూడండి, మనోడే" అని ఒకాయన తేల్చేశాడు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

ఆ సంతోషం ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఏడాది అదే టీ కొట్టు దగ్గర, మా సంఘంలోని ఒక చెల్లెలి కూతురి గురించి "అది మన పిల్ల ఎట్టవుద్ది?" అన్న మాట విన్నాను. ఆ తల్లి ఖద్దామా వీసా మీద కువైటు పోయింది. అక్కడ శ్రీలంక నుంచి వచ్చిన డ్రైవరును పెళ్లి చేసుకుంది. బిడ్డ అక్కడే పుట్టింది. కొన్నాళ్లకు అతని జాడ తెలియకుండా పోయింది. ఆమె బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ పిల్ల ఇప్పుడు మా బడిలో చదువుతోంది. మన భాషే మాట్లాడుతుంది. మన నేలమీదే ఆడుతుంది. అయినా మన పిల్ల కాదట.

ధొరాసూ ఎవరు? బానిసత్వం రద్దయిన కాలంలో, 1834 నుంచి, మారిషస్ చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పందం మీద కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. అట్లా పోయిన తెలుగు కుటుంబాల సంతతి వాడు ధొరాసూ. తల్లిదండ్రులు మారిషస్ వాళ్లు, అతను పుట్టింది 1973లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో. లె హావ్ర్ క్లబ్బులో మొదలుపెట్టి లియాన్, మిలాన్, పారిస్ క్లబ్బుల దాకా ఎదిగాడు. 2003, 2004లలో ఫ్రాన్స్ లీగు గెలిచిన లియాన్ జట్టులో ఉన్నాడు. 2006 ప్రపంచ కప్‌లో మాత్రం ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ కూర్చోవడాన్నే చిన్న కెమెరాతో తీసుకుని, ఒక స్నేహితుడితో కలిసి 'సబ్‌స్టిట్యూట్' అని సినిమా చేశాడు. అదే ఏడాది అక్టోబరులో పారిస్ క్లబ్బు అతణ్ణి తొలగించింది. స్వలింగ సంపర్కుల పట్ల ఫుట్‌బాల్ లోకంలో ఉన్న ద్వేషానికి వ్యతిరేకంగా, పారిస్ ఫుట్ గే అనే జట్టుకు అండగా నిలబడ్డాడు కూడా. మా టీ కొట్టులో ఈ చివరి సంగతి తెలిసుంటే "మనోడే" అనేవారో లేదో!

నాకు అతని మీద గౌరవమే. నేనడిగేది ఒకటే. ఎన్నో తరాల కిందట సముద్రం దాటిన కుటుంబంలో పుట్టి, ఫ్రాన్స్ పాస్‌పోర్టుతో ఫ్రాన్స్ చొక్కా వేసుకుని ఆడినవాడు ఇంటిపేరుతో మనవాడైపోయాడు. తెలుగు వచ్చా రాదా అని ఎవరూ అడగలేదు. మన ఇంటి ఆడపిల్ల కని, ఎత్తుకొచ్చి, ఇక్కడే పెంచుతున్న బిడ్డకు మాత్రం "వాళ్ల నాయన యాడోడు?" అన్న ప్రశ్న. బంధుత్వం మగవాడి పేరు వెంట నడిస్తే ఎంత దూరమైనా నడుస్తుంది, ఆడదాని వెంట ఒక్క తరం కూడా నడవదు. పితృస్వామ్యం అని మనం సభల్లో అనే మాటకు మా ఊళ్లో అర్థం ఇదే.

ఇది మన ఊరి మాటే కాదు, దేశాల చట్టాలూ చాలాకాలం ఇట్లాగే ఉన్నాయి. దైసుకే సాతో అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడున్నాడు. తల్లి ఫిలిప్పీన్స్ ఆమె, తండ్రి జపాన్ ఆయన. 1994లో ఫిలిప్పీన్స్‌లోని దవావోలో పుట్టాడు, జపాన్‌లో పెరిగాడు, ఆట నేర్చుకున్నదీ అక్కడే. ఎడమ వైపు రక్షణలో ఆడతాడు. రుమేనియా, డెన్మార్క్, థాయిలాండ్ క్లబ్బుల్లో ఆడాడు. 2014 నుంచి తల్లి దేశం చొక్కా వేసుకున్నాడు, 2019లో ఫిలిప్పీన్స్ మొట్టమొదటిసారి ఆసియా కప్ ఆడినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. తల్లి అయినా తండ్రి అయినా ఎవరో ఒకరు ఆ దేశ పౌరులైతే బిడ్డా పౌరుడేనని ఫిలిప్పీన్స్ రాజ్యాంగం చెబుతుంది. 1935 నాటి రాజ్యాంగంలో అట్లా లేదు. తండ్రి పరాయి దేశస్తుడైతే బిడ్డ పెద్దయ్యాక తల్లి దేశాన్ని ప్రత్యేకంగా కోరుకోవాల్సి వచ్చేది. 1973లో అది మారింది.

జపాన్ సంగతి ఇంకా కఠినం. 1985 దాకా అక్కడ పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. ఆ తర్వాత తల్లికీ హక్కు వచ్చినా మరో మెలిక మిగిలింది. వినోద కార్యక్రమాల పేరుతో వేలమంది ఫిలిప్పీన్స్ స్త్రీలు జపాన్ పోయారు. వాళ్లలో కొందరు పెళ్లి కాకుండానే జపాన్ మగవాళ్ల వల్ల బిడ్డల్ని కన్నారు. పుట్టిన తర్వాత తండ్రి "నా బిడ్డే" అని ఒప్పుకున్నా, తల్లిని పెళ్లి చేసుకుంటే తప్ప ఆ బిడ్డకు పౌరసత్వం ఇవ్వమనేది చట్టం. అట్లాంటి పిల్లలు పదిమంది తరఫున కోర్టుకెక్కారు. 2008 జూన్‌లో జపాన్ సుప్రీంకోర్టు ఆ షరతు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. తల్లి మెడలో తాళి ఉందా లేదా అని చూసి బిడ్డ దేశాన్ని తేల్చడం ఎంత పరిచయమైన అన్యాయం!

మన దేశమేమీ ముందు లేదు. 1992లో పౌరసత్వ చట్టాన్ని సవరించేదాకా, విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే వారసత్వంగా పౌరసత్వం వచ్చేది. అప్పటినుంచి తల్లి అయినా చాలు. ఆ సవరణ సంగతి మనలోనే ఎంతమందికి తెలుసు? జాతీయ జట్టులో ఆడాలంటే రక్తం చాలదు, మన పౌరసత్వమే ఉండాలని 2008లో ప్రభుత్వం తేల్చింది. తండ్రి భారతీయుడు, తల్లి జపనీయురాలు అయిన ఇజుమి అరాటా 2012లో జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో మన జట్టుకు ఆడాడు. ముంబైలో పుట్టిన ఆంగ్లో ఇండియన్ తల్లి కొడుకు రయన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలి మన పాస్‌పోర్టు తీసుకున్నాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. అతని విషయంలో తల్లి వైపు బంధుత్వం ఎవరికీ అడ్డు కాలేదు.

మా పిల్ల కథకు వస్తాను. బడిలో ఆటల మాస్టారు ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు. ఈ పిల్ల బంతిని ఎడమ కాలితో కొడుతుంది. జిల్లా ఎంపికలకు పేరు పంపాలంటే పుట్టిన తేదీ కాగితం, ఆధార్ కావాలన్నారు. ఆధార్ కోసం ఒక ఆఫీసుకు పోతే తండ్రి కార్డు తెమ్మన్నారు. మూడుసార్లు తిరిగాం. "తండ్రి లేకుండా ఎట్టమ్మా" అని అక్కడి గుమాస్తా నాతోనే అన్నాడు, అదీ జాలిగా.

ఆ తల్లిని కాపాడింది ఒక కాగితం. బిడ్డ పుట్టినప్పుడు ఆసుపత్రిలో కేరళ నర్సు ఒకామె చెప్పిందట, ఏడాదిలోగా ఇండియా ఎంబసీలో బిడ్డ పేరు నమోదు చేయించమని. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన పిల్లలకు ఈ నమోదు తప్పనిసరి. వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఇంటి యజమానురాలి దగ్గర ఒక పూట సెలవు బతిమాలుకుని పోయి ఆమె ఆ పని చేసింది. పెళ్లి కాగితం అరబ్బీలో ఉంది, మాకెవరికీ చదవరాదు. ఎంబసీ కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది.

గల్ఫు నుంచి వచ్చిన స్త్రీల సభల్లో మనం జీతం బాకీలు, ఏజెంట్ల మోసాలు, దెబ్బల గురించి అడుగుతాం. బిడ్డ కాగితాల గురించి అడగం. తండ్రి ఉన్నా, అతను అందుబాటులో లేనప్పుడు, తల్లి సహజ సంరక్షకురాలేనని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చారు. ఈ రెండూ కాగితం మీద రాసుకుని నాలుగోసారి ఆ ఆఫీసుకు పోయాం. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. తిరిగొచ్చాక మా సంఘం సభ్యత్వ ఫారం తీసి చూస్తే, పేరు కింద మొదటి గడి "తండ్రి లేక భర్త పేరు". ఇరవై ఏళ్లుగా మేమే అచ్చు వేయిస్తున్నాం.

కొత్త ఫారం అచ్చుకు ఇచ్చాం. ఆఫీసులో దరఖాస్తు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, పైకి పంపుతామన్నారు. ఎంపికలు వచ్చే నెల. ఆ పిల్ల రోజూ సాయంత్రం బడి వెనక బీడులో, గేదెలు ఇంటికి మళ్లేదాకా, గోడకు బంతి కొడుతూ ఉంటుంది.