సలాదిన్ దాకా ఎందుకు?

పోయిన ఆదివారం మా హాస్టల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవైంది. కుప్పం వాడు సలాదిన్ మీద ఒక రీల్ పెట్టి, "ఇట్టాంటి రాజు మనకాడ యాడుండాడు రా?" అన్నాడు.

మదనపల్లె వాడు వెంటనే, "ఎందుకు లేడు? హైదర్ అలీ!" అన్నాడు.

"ఊళ్లు తగలబెట్టినోడా?" అని పుంగనూరు వాడు.

రాత్రి పదకొండుకల్లా ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఐదేళ్లు ఒకే రూములో పడుకున్నోళ్లు! నాకైతే నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇద్దరు చెప్పిందీ నిజమే. కాకపోతే చెరో సగం.

ఆ మాటకొస్తే రీల్‌లో సలాదిన్ కూడా సగమే. ఈజిప్టు, సిరియాలను ఏలిన ఈ సుల్తాన్ 1187లో క్రూసేడర్ల నుంచి జెరూసలేం గెలిచాడు. 1099లో వాళ్లు అదే ఊళ్లో నెత్తురు పారించినా ఈయన పగ తీర్చుకోలేదు. తలకింత అని సొమ్ము కట్టి వెళ్లిపొమ్మన్నాడు. రీల్ అక్కడితో అయిపోతుంది. కట్టలేక వేలమంది బానిసలైన సంగతి అందులో రాదు.

ఇక మన హైదర్. కుప్పం నుంచి సరిహద్దు దాటి కోలారు జిల్లాలోకి పోతే బూదికోట వస్తుంది. పుట్టింది అక్కడే. చదువూ రాతా రాదు. సైన్యంలో మామూలుగా చేరి, మైసూరుకు అసలు పాలకుడయ్యాడు. మదనపల్లె పక్కన గుర్రంకొండ కోట ఆయన బావమరిది మీర్ అలీ రజా ఖాన్ చేతిలో ఉండేది. 1780 సెప్టెంబరులో కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్ సైన్యం రాకెట్లతో కంపెనీ దండును చిత్తు చేసింది. అదే ఏడాది ఆయన దండు దారిలో ఆర్కాటు సీమ ఊళ్లు కాలి బూడిదయ్యాయి. ఆ మంటల్లో ఇల్లు పోయిన రైతుకు కంపెనీ ఓడిందన్న వార్త ఏం ఓదార్పు?

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ రాచపుండుతో పోయాడు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరంలో ఉన్నాడు. వార్త పొక్కితే సైన్యం చెదిరిపోతుంది. అందుకే శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కోలారు పంపించారు. టిప్పు వచ్చేదాకా ఆ గుట్టు కాపాడిన వాళ్లలో పూర్ణయ్య, కృష్ణారావు కూడా ఉన్నారు. ఇద్దరూ హిందువులే. మావాళ్ల గొడవలో ఈ పేర్లు ఎవరూ ఎత్తలేదు.

నిన్న ఇద్దరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను: "వచ్చే ఆదివారం గుర్రంకొండకు రండి రా. కొట్లాడేదేదో కోట ఎక్కి కొట్లాడుకుందాం."

పుంగనూరు వాడు "బిర్యానీ ఎవురు పెట్టిస్తారు?" అన్నాడు. అంటే వస్తాడు. మదనపల్లె వాడి దగ్గర మాత్రం ఇంకా బ్లూ టిక్కులే. కోటకు దగ్గరున్నోడు వాడే మరి.